పక్కన పెట్టిన లాభానికి లెక్క ఎవరు చెప్పాలి?

సింగరేణి కార్మికులకు లాభాల్లో 34 శాతం వాటా ఇస్తున్నట్టు 2025 సెప్టెంబరులో ప్రకటన వచ్చింది. అంతకు ముందు ఏడాది 33 శాతం, దానికి ముందు 32. ఏటా ఒక మెట్టు పైకెక్కుతున్నట్టు కనిపించే ఈ అంకెల వెనక ఉన్న లెక్క విప్పి చూడాలి. 2023-24కు ప్రకటించిన లాభం 4,701 కోట్ల రూపాయలు. అందులో 2,289 కోట్లను విస్తరణ కోసం పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం కట్టారు. కార్మికులకు చేరింది 796 కోట్లు. 2024-25కు ప్రకటించిన మొత్తం 6,394 కోట్లు. భవిష్యత్ పెట్టుబడుల కింద 4,034 కోట్లు తీసేసి, మిగిలిన 2,360 కోట్ల మీద 34 శాతం ఇచ్చారు. పర్మినెంట్ కార్మికుల భాగం సుమారు 802 కోట్లు. కాంట్రాక్టు కార్మికులకు తలా 5,500 రూపాయల చొప్పున ఇచ్చింది కూడా కలిపితే 819 కోట్లు.

అంటే ఒక్క ఏడాదిలో ప్రకటించిన లాభం 36 శాతం పెరిగింది. పక్కన పెట్టిన మొత్తం 76 శాతం పెరిగింది. పర్మినెంట్ కార్మికుల చేతికి వచ్చిన సొమ్ము ఒక్క శాతం కూడా పెరగలేదు. మొత్తం లాభంతో పోల్చి చూస్తే వాళ్ల వాటా 17 శాతం నుంచి పన్నెండున్నరకు దిగింది. 2022-23లో 2,222 కోట్ల నికర లాభం మీద 32 శాతం కట్టి 711 కోట్లు పంచారు. అప్పుడు లాభం మీద వాటా కట్టేవారు. ఇప్పుడు ముందు విస్తరణ సొమ్ము తీసి, తర్వాత వాటా కడుతున్నారు. కార్మిక సంఘాలు నిలదీసింది ఈ వరస మార్పునే. వాళ్ల ప్రశ్న న్యాయమైనది. అలాగని సంస్థ లాభాన్ని నిలుపుకోవడం తప్పు అనడం కూడా సరికాదు. ఈ రెంటినీ కలిపి ఆలోచించాలి.

బొగ్గు సంస్థ ప్రతి రోజూ తన ఆస్తినే తవ్వి అమ్ముకుంటుంది. ఇల్లందులో మొదలైన తవ్వకం కొత్తగూడెం, మణుగూరు, రామగుండం, మందమర్రి, భూపాలపల్లి దాకా విస్తరించింది. పాత గనులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడుతున్నాయి. కొత్త గని తెరవాలంటే భూసేకరణ, అటవీ అనుమతులు, పునరావాసం, యంత్రాలు, రైలు మార్గం అన్నీ కావాలి. ఒడిశా అంగుల్ జిల్లాలోని నైనీ బ్లాకు సింగరేణికి 2015లో దక్కింది. అక్కడ తవ్వకం మొదలైంది 2025 ఏప్రిల్‌లో. పదేళ్ల పాటు ఒక్క టన్ను బొగ్గు రాని చోట ఖర్చు పెడుతూ ఓపిక పట్టాలి. ఇలాంటి పనికి వడ్డీ మీటరు తిరిగే అప్పు కంటే సొంత లాభంలోంచి మిగిల్చిన సొమ్మే తగినది. వాయిదా తేదీ ఉండదు, తాకట్టు ఉండదు, బ్యాంకు షరతులు ఉండవు.

సొంత సొమ్ము ఉన్నవాడికే అప్పు కూడా పుడుతుంది. విద్యుత్ కేంద్రాల్లో సాధారణంగా పెట్టుబడిలో 30 శాతం సొంతది, 70 శాతం రుణం అన్నది కొలత. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణికి 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. దాని పక్కనే 800 మెగావాట్ల మరో యూనిట్ కడతామంటోంది. సౌర విద్యుత్తులోకీ అడుగు పెట్టింది. ఆ 30 శాతం ముందు చేతిలో లేకపోతే ఇవేవీ కాగితం దాటి రావు. సొంత నిల్వలు లేని రోజులు ఎలా ఉంటాయో కూడా ఈ సంస్థకు తెలుసు. 1990లలో నష్టాలు పేరుకుపోయి, ఖాయిలా పరిశ్రమల వ్యవహారాలు చూసే బీఐఎఫ్ఆర్ గుమ్మం రెండుసార్లు ఎక్కింది. ఆ ముద్ర తప్పించుకోవడానికి కేంద్రం, రాష్ట్రం, కార్మికులు అందరూ ఏదో ఒకటి వదులుకోవలసి వచ్చింది. లాభాల్లో వాటా అన్న పద్ధతే ఆ గండం గట్టెక్కాక వచ్చింది. కాబట్టి లాభంలో కొంత భాగం గనుల కోసం ఉంచాలంటే కార్మికుల్లో ఎవరూ కాదనరు. ఎంత, దేనికి, ఎప్పటిలోగా అన్నదే వాళ్లడిగేది.

నిలిపిన లాభం గురించి వ్యాపార వర్గాల్లో బలంగా పాతుకుపోయిన భ్రమ ఒకటుంది. వడ్డీ కట్టనక్కర్లేదు కాబట్టి అది ఖర్చులేని సొమ్మని అనుకుంటారు. కానీ ఆ సొమ్ముకు ఒక హక్కుదారు ఉంటాడు. అతను దాన్ని ఈ రోజు తీసుకోకుండా వదులుకున్నాడు. తీసుకుని ఉంటే పిల్లల చదువుకో, ఇంటి అప్పుకో, మరో పెట్టుబడికో వాడుకునేవాడు. అలా వదులుకున్న దానికి తగిన ప్రతిఫలం సంస్థ తెచ్చి చూపించాలి. పైగా లాభం మీద ముందు పన్ను కట్టాలి. 2019లో తగ్గించిన రేటు ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జి, సెస్సు కలుపుకుని 25.17 శాతం పడుతుంది. నూరు రూపాయల లాభంలో నిలుపుకోడానికి మిగిలేది సుమారు 75. అప్పు మీద కట్టే వడ్డీనైతే ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవచ్చు. లెక్కగట్టి చూస్తే నిలిపిన లాభం కొన్నిసార్లు బ్యాంకు అప్పు కంటే ఖరీదైనదే అవుతుంది. అయినా యాజమాన్యాలు ముందుగా దాని వైపే చూస్తాయి. కారణం సులువు. అప్పు కావాలంటే బ్యాంకుకు ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. కొత్త షేర్లు అమ్మాలంటే మార్కెట్‌ను ఒప్పించాలి. సొంత లాభం వాడుకోవడానికి ఎవరి ముందూ నిలబడనక్కర్లేదు. 1984లో ఆర్థికవేత్త స్టీవార్ట్ మైయర్స్ ఈ వరసను సిద్ధాంతంగా చెప్పాడు: ముందు సొంత సొమ్ము, తర్వాత అప్పు, చివరికి కొత్త వాటాలు. రెండేళ్ల తర్వాత మరో ఆర్థికవేత్త మైఖేల్ జెన్సెన్ దీని రెండో ముఖం చూపించాడు. అడిగేవాళ్లు లేని నగదు చేతిలో ఎక్కువైతే యాజమాన్యాలు పనికిరాని విస్తరణల్లో దాన్ని తగలేస్తాయన్నాడు.

రెండో భ్రమ ఇంకా ప్రమాదకరం. నిలిపిన లాభం అంటే బ్యాంకులో ఉన్న డబ్బు అనుకోవడం. సరుకు అమ్మి బిల్లు రాసిన రోజే పుస్తకాల్లో ఆదాయం పడుతుంది. డబ్బు వచ్చినా రాకపోయినా లాభం లాభమే. సింగరేణి బొగ్గులో పెద్ద భాగం విద్యుత్ కేంద్రాలకే పోతుంది. విద్యుత్ సంస్థలు దానికి చెల్లించాల్సిన బకాయిలు వేల కోట్లలో ఏళ్ల తరబడి పేరుకున్నాయి. కాబట్టి 4,034 కోట్లు పక్కన పెట్టామన్నప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఆ సొమ్ము ఎక్కడుంది అన్నదే. ఖాతాలో ఉందా, కొత్త యంత్రాల్లో ఉందా, లేక రావలసిన బాకీల పద్దులో ఉందా? మూడోదైతే విస్తరణ అన్న మాటకు అర్థం మారిపోతుంది. గనుల కోసం ఉంచామన్న లాభం వాస్తవంలో విద్యుత్ సంస్థలకిచ్చిన అప్పుగా పనిచేస్తుంది. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. లాభంలో ఎంత నిలపాలో తేల్చడంలో పెద్ద మాట రాష్ట్రానిది. బాకీ పడ్డ విద్యుత్ సంస్థలూ దాని చేతి కిందివే. నిలపమని చెప్పేదీ, బాకీ తీర్చాల్సిందీ ఒకే చోట ఉన్నప్పుడు లెక్క మరింత తేటగా ఉండాలి.

కాగితం మీది నిల్వలను నమ్మితే ఏమవుతుందో హైదరాబాద్‌కు వేరే ఊరి ఉదాహరణ అక్కర్లేదు. 2008 సెప్టెంబరు నాటికి సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేనేలేవని 2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. ఏళ్ల తరబడి లేని లాభాన్ని చూపి, దాన్ని నిలుపుకున్నట్టు రాసుకుంటూ పోతే చివరికి అంత పెద్ద గుంత పడింది. దానికి మూడు వారాల ముందు, డిసెంబరు 16న, మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించింది. ప్రమోటర్ కుటుంబానికే చెందిన సంస్థల్లోకి కంపెనీ నిల్వలు మళ్లించడమేమిటని మదుపరులు తిరగబడ్డారు. గంటల్లోనే నిర్ణయం వెనక్కి తీసుకోవలసి వచ్చింది. నిల్వ ఉందో లేదో అప్పటికి బయటివాళ్లెవరికీ తెలియదు. తమ పేరున నిలిపిన సొమ్ము ఎటు పోతోందన్న ప్రశ్న మాత్రం మదుపరులు అడిగారు. ఆ ప్రశ్నే గుట్టు బయటపడడానికి దారి తీసింది. సింగరేణిని సత్యంతో పోల్చడం నా ఉద్దేశం కాదు. గనులు ఉన్నాయి, బొగ్గు ఉంది, కార్మికులు ఉన్నారు. అడిగే హక్కు ఎంత విలువైనదో చెప్పడానికే ఈ ప్రస్తావన.

దీనికి సరిగ్గా ఎదురు నిలిచే ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. మందుల తయారీ సంస్థ దివీస్ లేబొరేటరీస్ చౌటుప్పల్ నుంచి విశాఖ దగ్గరి చిప్పాడకు, అక్కడి నుంచి కాకినాడ దగ్గరి ఒంటిమామిడికి విస్తరించింది. ఒంటిమామిడి యూనిట్‌ను అంతర్గత నిధులతోనే కడతామని ముందే చెప్పింది. 2025 ఆరంభంలో అక్కడ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏ సొమ్ము, ఏ ఊళ్లో, ఏ ప్లాంటులోకి పోయిందో వాటాదారు వేలు పెట్టి చూపించగలడు. నిలిపిన లాభానికి ఇంతకంటే మంచి లెక్క ఉండదు.

ఈ తగువు కొత్తది కాదు. నూరేళ్ల కిందట అమెరికాలో ఇదే గొడవ మిషిగన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1916 నాటికి ఫోర్డ్ మోటార్ కంపెనీ దగ్గర 11 కోట్ల డాలర్లకు పైగా మిగులు పేరుకుంది. 1911 నుంచి 1915 దాకా నాలుగు కోట్ల పది లక్షల డాలర్ల ప్రత్యేక డివిడెండ్లు పంచిన హెన్రీ ఫోర్డ్, ఇక వాటిని ఇవ్వనన్నాడు. ఆ సొమ్ముతో రూజ్ నది ఒడ్డున భారీ కర్మాగారం కడతానన్నాడు. కారు ధర తగ్గిస్తాను, ఇంకా వేలమందికి పని ఇస్తానన్నాడు. పది శాతం వాటా ఉన్న డాడ్జ్ సోదరులు కోర్టుకెక్కారు. వాళ్ల ఉద్దేశమూ పూర్తిగా శుద్ధమైనదేమీ కాదు. అప్పటికే సొంత కార్ల కంపెనీ పెట్టుకుని ఫోర్డ్‌తో పోటీకి దిగారు, దానికి డబ్బు కావాలి. 1919 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పు రెండు వైపులా చూసింది. కర్మాగారం కట్టుకోవడం యాజమాన్యం ఇష్టమని, అందులో కోర్టు తలదూర్చదని చెప్పింది. అయితే అంత మిగులు పెట్టుకుని వాటాదారులకు ఇవ్వననడం కుదరదని, కోటీ 92 లక్షల డాలర్లకు పైగా పంచమని ఆదేశించింది. ఆ తీర్పు మీద ఈ నాటికీ వాదోపవాదాలున్నాయి. కంపెనీ వాటాదారుల లాభం కోసమే ఉండాలన్న అందులోని మాటతో నాకు ఏకీభావం లేదు. కార్మికుడూ కొనుగోలుదారూ కూడా ఆ లాభానికి కర్తలే. విస్తరణ ఖర్చుకు ఎంత కావాలో, మొత్తం మిగులెంతో పక్కపక్కన పెట్టి చూసి తేల్చిన పద్ధతి మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఫోర్డ్ విస్తరణ ప్రణాళిక ఖర్చు ఎంతో లెక్కల్లో ఉంది కాబట్టే కోర్టు ఆ రెండింటినీ పోల్చగలిగింది.

మన చట్టాలు ఈ విషయంలో ఎటు నడిచాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1956 కంపెనీల చట్టం కింద, 1975 నాటి నిబంధనల ప్రకారం, డివిడెండు రేటును బట్టి లాభంలో పది శాతం దాకా రిజర్వులకు తప్పనిసరిగా మళ్లించాలి. 2013 చట్టం ఆ నిర్బంధం తీసేసింది. ఎంత మళ్లించాలో బోర్డు ఇష్టం, నివేదికలో ఆ అంకె చెబితే చాలు. బ్యాంకులకు మాత్రం నిర్బంధం ఉంది, లాభంలో పాతిక శాతం రిజర్వు ఫండుకు చేరాలి. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు వ్యవహారం తలకిందులు. నికర లాభంలో కనీసం 30 శాతం లేదా నికర విలువలో 4 శాతం, ఏది ఎక్కువైతే అది డివిడెండుగా ఇచ్చి తీరాలని 2024లో సవరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. యజమాని తన వాటా తీసుకోవడానికి నియమం రాసుకున్నాడు. మిగిల్చిన దాన్ని ఎలా వాడారో చెప్పడానికి అంత గట్టి నియమం ఎక్కడా కనిపించదు.

సెబీ కొంత మేరకు ఈ లోటు గుర్తించింది. మార్కెట్ విలువలో మొదటి 500 లిస్టెడ్ కంపెనీలు డివిడెండు విధానం ప్రకటించాలని 2016లో నియమం తెచ్చింది, 2021లో దాన్ని మొదటి 1,000 కంపెనీలకు విస్తరించింది. నిలిపిన లాభాన్ని ఎలా వినియోగిస్తారో ఆ విధానంలో చెప్పాలన్నది అందులో ఒక అంశం. చాలా కంపెనీలు దీన్ని ‘విస్తరణ, ఆధునికీకరణ, ఇతర అవసరాలకు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నాయి. ఏ సొమ్ము దేనికన్నది ఆ వాక్యంలో దొరకదు. సింగరేణి లిస్టెడ్ సంస్థ కాదు కాబట్టి దానికి ఆ పాటి నియమమూ వర్తించదు.

కానీ సింగరేణికి చట్టం కంటే బలమైన బాధ్యత ఉంది. ప్రజల ఆస్తి అది. అక్కడి శ్రమలో ప్రాణాపాయం ఉంది. ఏటా వాటా ప్రకటించే రోజునే ఒక పేజీ లెక్క కూడా విడుదల చేయవచ్చు. 2023-24 లాభంలో పక్కన పెట్టిన 2,289 కోట్లలో ఏ గనికి ఎంత వెళ్లింది, ఏ యంత్రాలు కొన్నారు, జైపూర్ కొత్త యూనిట్‌కు ఎంత కట్టారు, ఖర్చు కాకుండా ఎంత ఉంది, అందులో నగదు ఎంత, విద్యుత్ సంస్థల బాకీగా ఉన్నది ఎంత? 2024-25 నాటి 4,034 కోట్లకు ప్రాజెక్టుల వారీ కేటాయింపు ఏమిటి? దీనికి కొత్త ఆడిటరు అక్కర్లేదు, అంకెలన్నీ ఆర్థిక విభాగంలో ఉండేవే. మూడేళ్ల వరకు ఖర్చు కాని సొమ్మును తిరిగి పంచదగిన లాభంలో కలిపి వాటా కట్టాలన్న నియమం పెట్టుకుంటే, అవసరానికి మించి పక్కన పెట్టాలన్న ఆలోచన దానంతటదే తగ్గుతుంది. బొగ్గు బాకీలకు వాయిదాల ప్రకారం చెల్లింపు షెడ్యూలు కూడా అదే పేజీలో ఉండాలి.

ఫలితం కొలిచే పద్ధతీ కావాలి. నిలిపిన ప్రతి డాలరుకూ కాలక్రమంలో కనీసం ఒక డాలరు మార్కెట్ విలువ పెరగాలన్నది వారెన్ బఫెట్ తన బెర్క్‌షైర్ హాథవేకు పెట్టుకున్న పరీక్ష. ఆయన హయాంలో ఆ కంపెనీ డివిడెండు ఇచ్చింది ఒక్కసారే, 1967లో. ఆ పరీక్ష పెట్టుకున్నాడు కాబట్టే వాటాదారులు దాన్ని సహించారని నేననుకుంటాను. స్టాక్ మార్కెట్‌లో లేని సంస్థకు మరో కొలత చాలు. అయిదేళ్లలో నిలిపిన మొత్తం లాభం ఒక పక్క, ఆ అయిదేళ్లలో ఏటా వచ్చే లాభంలో కలిగిన పెరుగుదల మరో పక్క పెట్టి చూడాలి. బొగ్గు ధర పెరిగినందువల్ల వచ్చిన లాభాన్ని తీసేసి చూడాలి. మిగిలిన పెరుగుదల బ్యాంకు డిపాజిట్ వడ్డీకి కూడా సమానం కాకపోతే, ఆ సొమ్ము కార్మికుల చేతిలో, ప్రభుత్వాల ఖజానాలో ఉండడమే మేలు.

పెద్ద సంస్థల సంగతి ఇలా ఉంటే, దేశంలో నిలిపిన లాభం మీద ఎక్కువగా ఆధారపడేది మాత్రం చిన్నవాళ్లే. బాలానగర్‌లో లేతు మిషన్ల మీద జాబ్ వర్క్ చేసే షెడ్డుకో, విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే యూనిట్‌కో బ్యాంకు సీసీ లిమిట్ ఇవ్వాలంటే ఇంటి కాగితాలు అడుగుతుంది. షేర్ మార్కెట్ వాళ్ల దారిలోనే లేదు. కొత్త మిషన్ కొనాలంటే ఉన్న దారి ఒక్కటే, ఈ ఏడాది మిగిలిన దాంట్లో ఇంటికి తక్కువ తీసుకుపోవడం. నష్టపోయేది ఇంట్లోవాళ్లు. 2015-16 జాతీయ నమూనా సర్వే అంచనా ప్రకారం దేశంలో ఉన్న 6.33 కోట్ల సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల్లో దాదాపు 96 శాతం సొంత యాజమాన్యాలే.

అన్నదమ్ములో స్నేహితులో కలిసి భాగస్వామ్య సంస్థగానో ఎల్ఎల్‌పీగానో నడిపితే, సంస్థ లాభం మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను, సెస్సుతో 31.2. ఒక్క రూపాయి ఇంటికి తీసుకుపోకుండా మొత్తం మిషన్ మీదే పెట్టినా అంతే. సొంత యజమాని ఆదాయం 24 లక్షలు దాటితే, ఆ పైమొత్తం మీద అతనికీ 30 శాతం శ్లాబే. వేల కోట్ల కంపెనీ నిలుపుకునే లాభం మీద 25.17 శాతమే. కంపెనీ వాటాదారు డివిడెండు తీసుకుంటే మళ్లీ పన్ను కడతాడన్నది నిజమే. లాభం లోపల ఉన్నంత కాలం ఆ రెండో పన్ను పడదు. వ్యాపారంలోనే ఉంచిన సొమ్ము వరకు చూస్తే, నూటికి ఆరు రూపాయల భారం చిన్నవాళ్ల మీదే ఎక్కువ. వాళ్లూ కంపెనీగా మారొచ్చు కదా అనేవాళ్లు ఆడిట్, ఆర్ఓసీ ఫైలింగులు, కన్సల్టెంట్ ఫీజులు ఒక్కసారి లెక్కవేసి చూడాలి.

పెట్టుబడి పెట్టేవాళ్లకు పన్ను రాయితీ ఇవ్వాలన్న ఆలోచన మన ప్రభుత్వాలకు రాలేదని కాదు. 2013లో ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 32ఏసీ సెక్షన్ కొత్త ప్లాంటు, యంత్రాల మీద పెట్టిన సొమ్ములో 15 శాతం అదనపు మినహాయింపు ఇచ్చింది. అయితే అది తయారీ కంపెనీలకే, అదీ వంద కోట్లకు మించి పెట్టుబడి పెట్టేవాళ్లకే. తర్వాత ఆ గీతను 25 కోట్లకు దించారు. 2017 మార్చితో ఆ సదుపాయమూ ముగిసింది. లేతు మిషన్ కొనేవాడికి ఆ గుమ్మం ఏ రోజూ తెరుచుకోలేదు. అదే సెక్షన్‌ను తలకిందులుగా తిరిగి రాయవచ్చు. భాగస్వామ్య సంస్థలు, సొంత యాజమాన్యాలు తమ లాభంలోంచి యంత్రాల మీద పెట్టిన సొమ్ముకు, ఏడాదికి ఒక కోటి వరకు, మినహాయింపు ఇవ్వాలి. మిషన్ కొన్న జీఎస్టీ బిల్లే సాక్ష్యం కాబట్టి మోసానికి చోటు తక్కువ. మిషన్‌ను అయిదేళ్ల లోపు అమ్మితే రాయితీ వెనక్కి తీసుకోవచ్చు.

పన్ను ఒక్కటే కాదు, చేతికి రాని బిల్లులూ చిన్నవాళ్లకు అడ్డే. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే, చెల్లించే దాకా కొనుగోలుదారు ఆ మొత్తాన్ని ఖర్చుగా చూపుకోలేడన్న నిబంధన 2023-24 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రైవేటు కొనుగోలుదారులకు దీంతో కొంత భయం పట్టుకుంది. ఆదాయపు పన్నే కట్టని ప్రభుత్వ శాఖలకు, స్థానిక సంస్థలకు ఈ కొరడా తగలదు. వాటికి సరుకు ఇచ్చిన చిన్న యూనిట్ బిల్లు రాసిన ఏడాదే లాభం చూపి పన్ను కడుతుంది, డబ్బు కోసం తిరుగుతూనే ఉంటుంది. రాని డబ్బును నిలుపుకుని ఏ మిషనూ కొనలేరు. ప్రభుత్వం నుంచి రావలసిన బిల్లు మీది లాభానికి, ఆ బిల్లు చెల్లించిన ఏడాదే పన్ను పడేలా వచ్చే బడ్జెట్‌లో సవరణ తేవాలి.